రిపేరు చేయించాక కూడా కారు మొరాయిస్తే: మెకానిక్‌తో తేల్చుకునే పద్ధతి

"బిల్లు కట్టి బండి తెచ్చుకున్నాం. రెండో రోజే మళ్లీ అదే గోల. అడిగితే గొడవవుతుందేమో, అడక్కపోతే డబ్బు పోయినట్టే. ఏం చేయాలి?" ఈ ప్రశ్న చాలాసార్లు వస్తోంది. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం వరుసగా రాస్తున్నాను.

ఇలాంటి పేచీలు చాలావరకు మీరు మొదటిసారి తిరిగి వెళ్లిన రోజే తేలిపోతాయి. ఆ రోజు మీ చేతిలో ఏముంది, మీ నోటి నుంచి మొదట ఏ మాట వచ్చింది అన్నదాని మీదే మిగతాదంతా నడుస్తుంది. అందుకే ఇందులో సగం షెడ్డుకు వెళ్లకముందు చేసుకోవాల్సిన పనులే ఉంటాయి. కేసులూ వినియోగదారుల కమిషన్లూ చివర్లో.

## 1. ముందు బండి నడపొచ్చో లేదో చూడండి

కోపంతో నేరుగా షెడ్డుకు తోలుకెళ్లడం మొదటి తప్పు. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా బండిని పక్కకు ఆపి ఇంజన్ కట్టేయండి.

- టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు ఎక్కడం
- ఎర్రటి ఆయిల్ దీపం వెలగడం
- బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి దిగిపోవడం
- స్టీరింగ్ బిగుసుకోవడం లేదా వదులుగా ఆడటం
- పెట్రోలు, డీజిల్ వాసన లేదా వైరు కాలిన వాసన
- చక్రాలు ఊడదీసి పని చేశాక చక్రం దగ్గర టకటక చప్పుడు (నట్లు సరిగా బిగించి ఉండకపోవచ్చు)

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు. లోపలి నీళ్లు ఒత్తిడితో ముఖం మీదికే చిమ్ముతాయి.

ఆపమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. వేడెక్కుతున్న బండిని మరో 20 కిలోమీటర్లు తోలితే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోవచ్చు. అప్పుడు మెకానిక్ "మీరు అలాగే తోలారు కాబట్టి పోయింది సార్" అంటాడు. ఆ మాట కొట్టిపారేయలేం కూడా. బండి ఆగిన చోటు నుంచే అతనికి ఫోన్ చేసి, ఆ వెంటనే వాట్సాప్‌లో ఫొటో పెట్టండి. మీ ఇన్సూరెన్స్ పాలసీలో రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూసుకోండి, ఉంటే బండి లాక్కెళ్లే ఖర్చు తప్పుతుంది.

## 2. పాత రోగమా, కొత్త రోగమా?

తిరిగొచ్చిన సమస్య మూడు రకాల్లో ఒకటి అయి ఉంటుంది. ఏ రకమో తెలియకుండా మాట్లాడటం మొదలుపెడితే ఇద్దరూ చెరో విషయం గురించి వాదించుకుంటారు.

మొదటి రకం: అదే లక్షణం మళ్లీ రావడం. గుర్తించిన కారణం తప్పయి ఉండాలి, లేదా వేసిన పార్టు పనికిరానిదై ఉండాలి.

రెండో రకం: పని చేసిన చోటే కొత్త లక్షణం రావడం. కనెక్టర్ పెట్టడం మరిచిపోవడం, క్లిప్పు వేయకపోవడం, పైపు సరిగా కూర్చోకపోవడం. ఇవి తరచూ పది నిమిషాల్లో సర్దే పనులే. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపి పట్టుకునే కింది చెయ్యి) మార్చాక బండి ఒక పక్కకు లాగితే చక్రాల అలైన్‌మెంట్ చేయించలేదేమో అడగండి. కూలెంట్ మార్చాక టెంపరేచర్ ముల్లు పైకీ కిందికీ ఊగితే లోపల గాలి చిక్కుకుని ఉండొచ్చు.

మూడో రకం: సంబంధం లేనిది. క్లచ్ ప్లేట్ మార్చిన వారానికి హారన్ పోతే దానికి క్లచ్ మేస్త్రీ బాధ్యుడు కాడు. చెప్పడం తేలికే గానీ, డబ్బు కట్టిన మంటలో ఈ తేడా మనకు కనపడదు.

అసలు తప్పే కానివి కూడా కొన్ని ఉంటాయి. కొత్త బ్రేక్ ప్యాడ్లు సర్దుకునే దాకా కొంత చప్పుడు చేయవచ్చు. బ్యాటరీ కేబుల్ తీసి పెట్టాక ఇంజన్ కొద్దిసేపు నిలకడ లేకుండా తిరగడం, గడియారం మొదటికి రావడం, అద్దాలు ఒక్క నొక్కుకు పైకి వెళ్లకపోవడం మామూలే. ఇలాంటి వాటికి ఫోన్‌లో ఒక మాట అడిగితే చాలు.

## 3. లక్షణాన్ని రాసుకోండి, కారణం రాయొద్దు

ఇది నా సొంత అనుభవంతో నేర్చుకున్నది. ఓ ఏప్రిల్‌లో మా కారు ఏసీ చల్లబడటం మానేసింది. షెడ్డుకెళ్లి దిగీదిగగానే "అన్నా, గ్యాస్ పట్టించు" అన్నాను. పట్టించాడు. మూడు వారాలకు మళ్లీ వేడి గాలి. మళ్లీ వెళ్లి మళ్లీ అదే మాట అన్నాను, మళ్లీ పట్టించాడు. మూడోసారి నేను గొంతు పెంచితే అతను నెమ్మదిగా అన్నాడు: "సార్, మీరు గ్యాస్ పట్టమన్నారు, పట్టాను. ఏసీ బాగు చేయమని మీరు అడగలేదు."

కోపం వచ్చింది గానీ, అతని మాటలో తప్పు లేదు. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన పైపుల్లోనే తిరుగుతుంది. వారాల్లో ఖాళీ అయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అది వెతకమనడం మానేసి, మందు పేరు నేనే రాసిచ్చాను. లీకు చివరికి డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో దొరికింది.

కాబట్టి కాగితం మీద ఇవి మాత్రమే రాయండి.

- ఎప్పుడు వస్తుంది: పొద్దున మొదటి స్టార్టింగ్‌లోనా, అరగంట నడిచాకా?
- ఏ వేగంలో, ఏ గేరులో?
- ఏసీ వేసినప్పుడా, ఆపినప్పుడు కూడానా?
- బ్రేకు తొక్కితేనా, స్టీరింగ్ తిప్పితేనా, గుంతలో దిగితేనా?
- పదిసార్లలో ఎన్నిసార్లు?
- రిపేరుకు ముందు ఉన్నదానికీ ఇప్పటికీ తేడా ఏమిటి?

"ముందు ఎడమ చక్రం వైపు, 30 దాటాక, స్పీడ్ బ్రేకర్ దిగుతున్నప్పుడు టక్ మని ఒక్క చప్పుడు" అని రాస్తే మెకానిక్‌కు సగం పని అయినట్టే. "సస్పెన్షన్ పోయింది" అని రాస్తే అతను మీరు చెప్పిన వస్తువు మారుస్తాడు.

## 4. ఆధారాలు పోగుచేసుకోండి

షెడ్డుకెళ్తే మాయమయ్యే సమస్యలకు వీడియోనే దిక్కు. ముందు ఓడోమీటర్ చూపించి, ఆపకుండా అదే వీడియోలో చప్పుడో దీపమో వచ్చేలా తీయండి. నడిపేవాళ్లు తీయకూడదు, పక్క సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకోండి.

చెక్ ఇంజన్ దీపం వెలిగితే స్కానర్‌తో కోడ్ (బండి కంప్యూటర్ లోపానికి పెట్టుకునే గుర్తు) చదివించి, తెర ఫొటో తీసి పెట్టుకోండి. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్న ఓబీడీ స్కానర్ ఉన్నా సరిపోతుంది. కోడ్‌ను మీరు చెరిపేయొద్దు. దాంతో పాటు లోపం వచ్చిన క్షణంలో ఇంజన్ వేడి, వేగం వంటి వివరాలు కూడా నమోదై ఉంటాయి. చెరిపితే అవీ పోతాయి.

కోడ్ పార్టు పేరు చెప్పదన్నది కూడా గుర్తుంచుకోండి. ఉదాహరణకు పీ0171 అంటే ఇంధనంతో పోలిస్తే గాలి ఎక్కువవుతోందని అర్థం. ఎక్కడో పైపు గాలి పీలుస్తుండొచ్చు, గాలిని కొలిచే సెన్సర్‌కు మురికి పట్టి ఉండొచ్చు, ఇంధనం ఒత్తిడి తగ్గి ఉండొచ్చు. కోడ్ చూసి నేరుగా ఆక్సిజన్ సెన్సర్ మార్చేశారంటే రిపేరు విఫలమవడానికి కారణం దాదాపు దొరికినట్టే.

ఫోల్డర్‌లో ఉండాల్సినవి:

- బిల్లు, ఎస్టిమేట్, ఉంటే జాబ్ కార్డు (బండి తీసుకునేటప్పుడు చేయాల్సిన పని రాసుకునే కాగితం)
- యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్
- వాట్సాప్ సంభాషణ, వాయిస్ మెసేజ్‌లతో సహా
- బండి ఇచ్చిన రోజు, తెచ్చుకున్న రోజు ఓడోమీటర్ అంకె
- పాత పార్టులు లేదా వాటి ఫొటోలు, కొత్త పార్టుల డబ్బాలు

బిల్లే లేకపోతే? మనలో సగం మంది సంగతి ఇదే. "అన్నా, 12వ తేదీన మన బండికి రేడియేటర్ ఫ్యాను మోటారు, థర్మోస్టాట్ మార్చావు కదా. మొత్తం 6,400 ఫోన్‌పే చేశాను. ఏది ఎంతైందో ఒకసారి రాసి పంపవా, ఇంట్లో లెక్క రాసుకోవాలి" అని మర్యాదగా మెసేజ్ పెట్టండి. అతను "సరే సార్" అన్నా అది ఆధారమే. పేచీ మొదలవకముందే అడగాలి సుమా, తరువాత ఎవరూ రాసివ్వరు.

"మాకు జీఎస్టీ లేదు సార్, బిల్లు రాదు" అన్న మాటకు లొంగకండి. సేవల వ్యాపారం ఏడాదికి 20 లక్షలు దాటకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాని మాట నిజమే. కానీ మామూలు బిల్లు ఇవ్వడానికి జీఎస్టీ అక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటి.

## 5. వేరే షెడ్డులో విప్పించొద్దు

"వాడికి రాదు, మా వాడి దగ్గరికి పోదాం రా బావా" అని ఎవరో ఒకరు అంటారు. అక్కడ బోల్టు విప్పారో, మొదటి మెకానిక్‌కు అన్నిటికన్నా బలమైన జవాబు మీరే అందించినట్టు: "మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారు సార్, నాకు సంబంధం లేదు."

మొదటి అవకాశం ఎప్పుడూ మొదటి మనిషికే ఇవ్వండి. బ్రేకులు, స్టీరింగ్ లాంటివాటిలో ఘోరమైన పొరపాటు కళ్లకు కనిపిస్తే, అతను ఫోన్ ఎత్తకపోతే, అప్పుడు వేరే దారి చూడొచ్చు. ఆ పరిస్థితిలో కూడా విప్పేముందు, విప్పుతున్నప్పుడు ఫొటోలు తీయించండి.

## 6. షెడ్డుకు వెళ్లిన రోజు

చెప్పకుండా వెళ్లొద్దు. ముందు రోజు ఫోన్ చేసి, పొద్దున్నే షెడ్డు తెరిచే వేళకు రమ్మంటారా అని అడగండి. సాయంత్రం నాలుగు బండ్లు డెలివరీ ఇవ్వాల్సిన హడావుడిలో ఎంత మంచి మేస్త్రీ అయినా మీ మాట వినడు. అతని కింద పనిచేసే కుర్రాళ్ల ముందు, వేరే కస్టమర్ల ముందు నిలదీయొద్దు. నలుగురిలో పరువు పోయిందనుకున్న మనిషి తప్పు ఒప్పుకోడు. పక్కకు పిలిచి మాట్లాడండి.

మొదటి మాట ఇలా ఉండొచ్చు:

"అన్నా, శుక్రవారం బండి తీసుకెళ్లాను. శనివారం సాయంత్రం మళ్లీ అదే చప్పుడు మొదలైంది. వీడియో తీశాను, చూడు. ఇద్దరం ఒక రౌండ్ వేసొద్దాం, నీకే వినిపిస్తుంది."

ఇందులో ఆరోపణ లేదు, తేదీ ఉంది, ఆధారం ఉంది, ఇప్పుడే చేయాల్సిన పనీ ఉంది. "నా దగ్గర డబ్బు దొబ్బావు" అని మొదలుపెడితే ఈ నాలుగూ ఉండవు.

ట్రయల్ తప్పనిసరి. ముందు మీరు నడపండి, అతను పక్కన కూర్చోవాలి. చప్పుడు ఎప్పుడు వస్తుందో మీకు తెలుసు కాబట్టి తొందరగా వినిపించగలరు. తరువాత అతన్ని నడపమనండి. వేడెక్కాక వచ్చే సమస్య అయితే బండిని అరగంట నడిపి వేడి మీదే తీసుకెళ్లండి. పొద్దున చల్లటి స్టార్టింగ్‌లో వచ్చేదైతే ముందు రాత్రే బండిని షెడ్డులో వదిలేయండి. మన వాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: వేడి బండిని తీసుకెళ్లి చల్లటి రోగం చూపించబోతారు.

ట్రయల్ అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి, జవాబు పూర్తయ్యే దాకా మధ్యలో మాట్లాడొద్దు.

1. మొదటిసారి లోపం ఎక్కడ ఉందని తేల్చారు? ఏం పరీక్ష చేసి తేల్చారు?
2. ఏ పార్టు మార్చారు? ఏ కంపెనీది? పాతది ఉందా?
3. ఇప్పుడు ఏమనిపిస్తోంది? దాన్ని ఖాయం చేసుకోవడానికి ఏం పరీక్ష చేస్తారు?

మూడో ప్రశ్నకు "ఇది కూడా మార్చి చూద్దాం సార్" అన్న జవాబు వస్తే అక్కడే ఆగండి. మార్చి చూడటం పరీక్ష కాదు, మీ డబ్బుతో ఆడే లాటరీ. బ్యాటరీ దిగిపోతుంటే మల్టీమీటర్ పెట్టి చూడాలి. ఇంజన్ నడుస్తుండగా చాలా కార్లలో 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య కనిపించాలి. లేకపోతే బ్యాటరీ కన్నా ముందు దాన్ని చార్జి చేసే ఆల్టర్నేటర్ సంగతి చూడాలి. ఏసీ లీకును నైట్రోజన్ ఒత్తిడితోనో, అల్ట్రావయొలెట్ వెలుతురులో మెరిసే రంగుతోనో పట్టుకుంటారు. ఇంజన్ వేడెక్కుతుంటే కూలింగ్ వ్యవస్థకు ఒత్తిడి పరీక్ష ఉంది. వీటి పేర్లు తెలిసి అడిగితే చాలు, మాట తీరే మారిపోతుంది.

## 7. ఏది ఉచితంగా అడగొచ్చు, ఏది అడగకూడదు

ఇక్కడ నా అభిప్రాయం చెబుతున్నాను. చట్టం ఇంత విడమర్చి చెప్పదు, న్యాయంగా ఉండే మెకానిక్‌లు కూడా చాలావరకు దీనికి ఒప్పుకుంటారు.

- బిగింపులో తప్పు: మళ్లీ లేబర్ చార్జీ కట్టక్కర్లేదు. ఆ తప్పు వల్ల పాడైన పార్టు ఖర్చూ అతనిదే.
- అతను తెచ్చిన పార్టు పోయింది: కొత్తది అతనే తేవాలి. షాపువాడితో అతను ఎలా తేల్చుకుంటాడన్నది మీకు అనవసరం.
- రోగం పట్టుకోవడంలో తప్పు: అసలు పేచీ అంతా దీనితోనే. మార్చిన పార్టు ఎలాగూ అరిగిపోయి ఉంటే దాని డబ్బు వదిలేయండి. బాగున్న పార్టును మార్చి ఉంటే ఆ లేబర్‌ను కొత్త పనిలో తగ్గించమనండి, పార్టును షాపులో వాపసు ఇచ్చే ప్రయత్నం చేయమనండి. కరెంటు సామాను మాత్రం షాపులవాళ్లు సాధారణంగా వెనక్కి తీసుకోరు.
- పార్టు మీరే కొని తెచ్చారు: అది పోతే లేబర్ మళ్లీ మీరే కట్టాలి.
- "ఒరిజినల్ వద్దు, లోకల్ వేసెయ్" అని మీరే అన్నారు: ఇక అడగడానికి మొహం ఉండదు.
- "ఇంకోటి కూడా మార్చాలి సార్" అని అతను చెప్పినా మీరు వద్దన్నారు: పూర్తి బాధ్యత అతని మీద వేయలేరు.

నా ఏసీ లెక్క ఎలా తేలిందంటే: కాయిల్ నేను కొన్నాను, డాష్‌బోర్డు విప్పి బిగించిన లేబర్‌లో సగం అతను వదులుకున్నాడు, గ్యాస్ డబ్బు తీసుకోలేదు. ఇంకా రాబట్టేవాడినేమో. కానీ అదే మేస్త్రీతో ఇప్పటికీ పని చేయించుకుంటున్నాను.

## 8. రెండోసారి బండి అప్పగించేటప్పుడు

మొదటిసారి నోటిమాట సరిపోయింది. ఈసారి సరిపోదు. బండి వదిలిన అరగంటలోపు ఇలాంటి మెసేజ్ పంపండి:

"అన్నా, ఈ రోజు 18వ తేదీ పొద్దున 9:30కి బండి ఇచ్చాను. ఓడోమీటర్ 74,210. సమస్య: స్పీడ్ బ్రేకర్ దిగితే ముందు ఎడమవైపు టక్ మని చప్పుడు, పోయిన శుక్రవారం చేసిన పని తరువాత కూడా ఉంది. దీనికి లేబర్ లేదని అనుకున్నాం. కొత్త పార్టు కావాలంటే వేసేముందు ధర చెప్పి, నేను ఒప్పుకున్నాకే వేయాలి. తీసిన పార్టు పక్కన పెట్టు. శనివారం సాయంత్రానికి ఇస్తానన్నావు. సరేనా?"

"సరే" అని జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టినా చాలు.

అప్పగింత చెక్‌లిస్ట్:

- నాలుగు వైపులా బండి వీడియో, ఉన్న గీతలూ సొట్టలూ కనిపించేలా
- ఓడోమీటర్, పెట్రోలు ముల్లు ఫొటో
- స్టెప్నీ, జాకీ ఉన్నాయా
- ఆర్‌సీ ఒరిజినల్, డబ్బు, చెక్కుబుక్కు బండిలోంచి తీసేశారా
- ఫాస్టాగ్ మెసేజ్‌లు మీ ఫోన్‌కే వస్తున్నాయా (ట్రయల్ పేరుతో టోల్ దాటితే మీకు తెలుస్తుంది)

## 9. తిరిగి తీసుకునేటప్పుడు, డబ్బు దగ్గర

ముందు ట్రయల్, తరువాత డబ్బు. సమస్య ఏ పరిస్థితిలో వచ్చిందో అదే పరిస్థితిలో నడపండి. వీధి చివరిదాకా వెళ్లొచ్చి "బాగుంది" అనేయొద్దు. బానెట్ ఎత్తి వదులుగా వేలాడే వైరు, తడి, మిగిలిపోయిన నట్లు ఉన్నాయేమో చూడండి. పాత పార్టు చూపించమనండి. డాష్‌బోర్డులో కొత్త దీపం ఏదైనా వెలుగుతోందా గమనించండి.

ఇంకా బాగవకపోయినా డబ్బు అడిగి, తాళం ఇవ్వనంటే? చట్టంలో మెకానిక్‌కు కూడా ఒక హక్కు ఉంది. భారత ఒప్పందాల చట్టం, 1872 సెక్షన్ 170 ప్రకారం, వస్తువు మీద శ్రమా నైపుణ్యమూ పెట్టి, అప్పగించిన పనిని ఒప్పుకున్నట్టు చేసిన మనిషి తన కూలి అందేదాకా ఆ వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. పని ఒప్పుకున్నట్టే జరిగిందా అన్నది అక్కడ నిలబడి తేలే విషయం కాదు. తాళం లాక్కోవడం, మారుతాళంతో రాత్రి బండి తెచ్చుకోవడం లాంటివి చేసి మీ కేసును మీరే పాడుచేసుకోవద్దు.

దానికి బదులు డబ్బు యూపీఐలో కట్టి, వెంటనే మెసేజ్ పెట్టండి: "సమస్య ఇంకా తీరలేదు. బండి విడిపించుకోవడం కోసమే, అభ్యంతరంతో ఈ 4,500 కడుతున్నాను." ఆ ఒక్క వాక్యం ఉంటే, డబ్బు కట్టారు కాబట్టి పని నచ్చినట్టేనని రేపు ఎవరూ అనలేరు. చెక్కు ఇచ్చి బ్యాంకులో ఆపించే ఎత్తు మాత్రం వేయొద్దు, చెక్ బౌన్స్ కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

## 10. రెండో అభిప్రాయం ఎలా తీసుకోవాలి

ఒకే సమస్యకు రెండుసార్లు అవకాశం ఇచ్చాక బాగవకపోతే, ఇక అక్కడ మూడోసారి విప్పించకుండా ఆ పనిలోనే నిపుణుడి దగ్గరకు వెళ్లండి. విజయవాడ ఆటోనగర్‌లో తిరిగినవాళ్లకు తెలుసు: రేడియేటర్ల పని ఒక చోట, డీజిల్ పంపులు నాజిళ్లు ఒక చోట, కరెంటు పని ఒక చోట. అన్నీ చేస్తాననే షెడ్డు రెండుసార్లు తప్పాక, ఒక్కటే చేసేవాడు కావాలి.

అక్కడ ఒక చిన్న జాగ్రత్త. మొదటి మెకానిక్ ఏం చేశాడో, ఎంత తీసుకున్నాడో ముందే చెప్పకండి. లక్షణం మాత్రం చెప్పండి. పాత పని సంగతి ముందే చెబితే రెండో మనిషి బండిని చూడటం మానేసి మొదటివాడి తప్పులు వెతుకుతాడు. తన అభిప్రాయం చెప్పాక అప్పుడు మీ బిల్లు చూపించండి.

కాగితం మీద ఇవి రాయించుకోండి: తేదీ, ఓడోమీటర్, చేసిన పరీక్ష, కనిపించిన లోపం, అంతకుముందు చేసిన పనికీ దీనికీ సంబంధం ఉందా, బాగు చేయడానికి ఎంతవుతుంది. కింద షెడ్డు ముద్ర, సంతకం. "మాకెందుకు సార్ ఈ గొడవలు" అని చాలామంది రాసివ్వరు. కనీసం పరీక్ష రిపోర్టు ప్రింటో, స్కానర్ తెర ఫొటోనో, తన ఎస్టిమేట్ కాగితమో తీసుకోండి.

వరదలో మునిగిన బండ్ల సంగతి వేరు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచెత్తినప్పుడు నీళ్లలో నిలిచిన కార్లలాంటి వాటిలో వైరింగ్ కనెక్టర్లకు తుప్పు నెమ్మదిగా పడుతుంది. నెలల తరువాత కొత్త కొత్త లోపాలు బయటపడతాయి. అది ప్రతిసారీ మెకానిక్ తప్పు కాదు. అలాంటి బండికి ఏ లోపం ఎప్పుడు వచ్చిందో తేదీలతో పట్టిక ఉంటేనే రెండో అభిప్రాయం పనికొస్తుంది.

## 11. కంపెనీ సర్వీస్ సెంటర్ అయితే

ఇక్కడ మీకు మేస్త్రీ కనపడడు, సర్వీస్ అడ్వైజర్ కనిపిస్తాడు. అతనితో అరిచి లాభం లేదు, పని చేసింది అతను కాదు. క్రమం ఇది: పాత జాబ్ కార్డు నంబరు చెప్పి "రిపీట్ కంప్లయింట్"గా కొత్త జాబ్ కార్డు రాయించండి, టెక్నీషియన్‌తో ట్రయల్ అడగండి, తేలకపోతే వర్క్స్ మేనేజర్, ఆ తరువాత కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్. వేసిన పార్టులకూ చేసిన పనికీ వారంటీ ఎంతో బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదివాకే వెళ్లండి. డెలివరీ ఇచ్చేటప్పుడు సంతృప్తి పత్రం మీద సంతకం అడుగుతారు. సమస్య ఉంటే దాని మీదే "లోపం తీరలేదు" అని రాసి సంతకం చేయండి.

ప్రమాదం తరువాత క్యాష్‌లెస్‌లో చేయించిన పని చెడిపోతే ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పాలి. అక్కడ 30 రోజుల్లో తేలకపోతే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాలసీదారులకు హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారి) కార్యాలయం ఉంది.

## 12. మాటలతో తేలకపోతే

ముందు ఒక ఉత్తరం. లాయర్ అక్కర్లేదు, ఒక పేజీ చాలు. బండి నంబరు, తేదీలు, కట్టిన మొత్తం, రెండుసార్లు తిరిగి వచ్చిన వివరం, మీకు ఏం కావాలో ఒక్కటే కోరిక (ఉచితంగా బాగు చేయడం లేదా ఇంత మొత్తం వాపసు), 15 రోజుల గడువు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ వివరం దాచండి. అదే ఉత్తరం ఫొటో వాట్సాప్‌లో కూడా పెట్టండి. నా అంచనాలో సగం గొడవలు ఈ ఉత్తరం అందాక తెగిపోతాయి, ఎందుకంటే మీరు మర్చిపోరని అవతలి మనిషికి అప్పుడు అర్థమవుతుంది.

తరువాత 1915. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదు నమోదు చేసి అవతలివారితో మాట్లాడతారు. ఆదేశాలిచ్చే అధికారం దానికి లేదు. పెద్ద సర్వీస్ సెంటర్ల విషయంలో ఉపయోగం ఎక్కువ, వీధి చివరి షెడ్డు విషయంలో తక్కువ. రాజీ కుదిరేలా ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగొచ్చు, న్యాయ సహాయానికి జాతీయ హెల్ప్‌లైన్ 15100.

చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. తెలుసుకోవాల్సినవి:

- కట్టిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి, 5 లక్షల దాకా ఫీజు లేదు
- సమస్య తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి
- షెడ్డు ఎక్కడున్నా, మీరు ఉండే లేదా ఉద్యోగం చేసే జిల్లాలోనే వేయొచ్చు
- లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేయొచ్చు
- బతుకుతెరువు కోసం సొంతంగా టాక్సీ నడుపుకునేవాళ్లు కూడా వినియోగదారులే

సేవలో లోపం ఉందని నిరూపించాల్సిన బాధ్యత మాత్రం ఫిర్యాదు చేసినవారిదే. రెండో మెకానిక్ రాసిచ్చిన కాగితం విలువ అక్కడ తెలుస్తుంది. లోపమున్న సేవకు డబ్బు తిరిగి ఇవ్వనంటే, బిల్లులో వేరే గడువు లేనప్పుడు 30 రోజులు దాటితే అది కూడా చట్టం లెక్కలో అనుచిత వ్యాపార పద్ధతే. ఆ సంగతి మీ ఉత్తరంలోనే రాయొచ్చు.

2,000 రూపాయల కోసం కమిషన్ మెట్లు ఎక్కమని నేను చెప్పను. ఇంజన్ విప్పి పాడుచేస్తే, బ్రేకులతో ఆడుకుంటే మాత్రం వదలొద్దు.

## 13. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

నెల తరువాత చెప్పడం. "చూద్దాంలే, సర్దుకుంటుందేమో" అని ఆగితే మధ్యలో నడిచిన కిలోమీటర్లన్నీ మీకు వ్యతిరేకంగా మాట్లాడతాయి. ఆలస్యమైపోతే, మొదట గమనించిన రోజు తీసిన వీడియోనో ఎవరికైనా పంపిన మెసేజో వెతకండి.

కోపంలో గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చి "దొంగ" అని రాయడం. పరువు నష్టం అంటూ వాదన అటు తిరుగుతుంది. రాసేశారా? తీసేసి, తేదీలూ జరిగిన పనీ కట్టిన మొత్తమూ మాత్రమే ఉంచండి.

పాత పార్టు అక్కడే వదిలేయడం. పాత ఇనుములోకి వెళ్లకముందే ఈ రోజే ఫోన్ చేయండి. ఫొటో అయినా తీసి పంపమనండి.

ఒకేసారి పది కోరికలు కోరడం. బాగు చేయాలి, డబ్బూ ఇవ్వాలి, క్యాబ్ ఖర్చూ ఇవ్వాలి అంటే ఏదీ రాదు. ముందు ఒక్కటి ఎంచుకోండి.

రాజీ కుదిరాక రాసుకోకపోవడం. "1,500 వాపసు వచ్చింది, ఈ పని విషయంలో లెక్క తేలింది" అని ఇద్దరి మధ్య ఒక మెసేజ్ ఉండాలి. 1915లో ఫిర్యాదు తెరిచి ఉంటే దాన్ని మూసేయించండి. కొత్త పార్టు వేసిన తేదీ, ఓడోమీటర్ అంకె ఒక చీటీ మీద రాసి బిల్లుతో కలిపి బండి కాగితాల సంచిలో పెట్టండి, వారంటీ నెలలు అక్కడి నుంచే లెక్క.